పెదవులు కలిసే మాట

కలకత్తా న్యూ టౌన్‌లో హారిక అనే అమ్మాయి ఉంది. వరంగల్ పిల్ల. ఇంట్లో కూర్చుని బెంగాలీ సిరీస్‌లకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తుంది. రాస్తుంది అంటే, కంప్యూటర్ రాసి పెట్టినదాన్ని దిద్దుతుంది. అలాంటి పనే నేను పాతికేళ్లకు పైగా చేత్తో రాసి చేశానని ఎవరో చెబితే పోయిన నెల మా ఇంటికి వచ్చింది. హౌరా పక్కన టికియాపారాలో మా ఇల్లు వెతుక్కోవడానికి గంట పట్టిందట. ఫోను చూసుకుంటూ తిరిగింది మరి. రైల్వే క్వార్టర్ల దగ్గర ఎవరినైనా తెలుగులో అడిగి ఉంటే చెయ్యి పట్టుకుని తెచ్చి దింపేవాళ్లు.

"సార్, ఈ పనిలకు కొత్తగ వచ్చినోళ్లం ఓ పదిమందిమి ఉన్నం. మీకు బాగ నచ్చిన సీరియల్స్ ఏంటియో, ఎందుకు నచ్చినయో జర రాసిస్తరా?" అంది.

"మూడున్నాయి" అన్నాను.

"మూడేనా! ఇన్నేండ్లల్ల?"

నేను మాటలు రాసిన సీరియళ్లు చాలానే ఉన్నాయి. వాటిలో మనుషులు ఏడ్చిన ఏడుపంతా నేనే రాశాను. నచ్చినవి మాత్రం మూడే, ఆ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నా మారలేదు.

మా ఆవిడ పార్వతి టీ తెచ్చి ఆ అమ్మాయి చేతికిచ్చి, నా వైపు తిరిగింది. "ఆ మూడోదాని గురించి రాస్తే మేకపాల సంగతి గూడా రాయాల. లేదంటే అసలు రాయకు."

అందుకని అదీ రాస్తున్నాను. జీతాలు, పైవాళ్లు ఇచ్చిన సర్టిఫికెట్లు వదిలేస్తున్నాను. వాటి వల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు.

అభిమానం

మా నాన్న టికియాపారా కార్ షెడ్‌లో రైలు పెట్టెలు కడిగేవాడు. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, వీధిలో బెంగాలీ, షెడ్‌లో హిందీ. ఈ మూడూ కలిసి నాకు ఏ భాషా సరిగా రాదని మా బడి పంతులు అనేవారు. ఆ కారణం చేతనే నాకు ఉద్యోగం వచ్చింది.

టాలీగంజ్‌లో ఒక సందులో, హోమియోపతి మందుల దుకాణం పైన, రెండు గదుల డబ్బింగ్ స్టూడియో ఉండేది. యజమాని బిమాన్ దా, 'దా' అంటే అన్న. పొట్టిగా, ఎప్పుడూ చేనేత లాల్చీ తొడుక్కుని, మాట మాట్లాడితే బరువేదో దించుతున్నట్టు మాట్లాడే మనిషి. బెంగాలీ సీరియళ్లను తెలుగులోకి మార్చే పని ఆయనకు దొరికింది. తెలుగు ముక్క రాదు. రెండు భాషలూ వచ్చినవాడు కావలసి నన్ను పిలిచాడు.

మొదటి వారంలోనే నేను ఒక ఘనకార్యం చేశాను. సీన్‌లో భార్య కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. భర్త వస్తాడు. స్నేహితురాలు అతనితో, ఆవిడకు నీ మీద "ఓభిమాన్" అంటుంది. నేను రాశాను: "ఆవిడకు మీరంటే చాలా అభిమానం."

బెంగాలీలో ఆ మాటకు అర్థం అలక. మనసుకు దగ్గరివాళ్లు నొప్పించినప్పుడు నోరు విప్పకుండా ముఖం తిప్పుకోవడం. తెలుగువాళ్లు ఆ రోజు టీవీలో ఏం చూశారంటే, ఒక ఆడమనిషి మొగుడి మీద అభిమానంతో కిటికీకేసి తిరిగి వెక్కి వెక్కి ఏడవడం. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మన సీరియళ్లలో అలాంటివి అలవాటేనేమో.

ఒకేలా వినిపించే మాట దొరికితే సంతోషించకండి. నేను సంతోషించిన ప్రతిసారీ దెబ్బతిన్నాను.

బాబూ

ఈ పనిలో అసలు యజమాని పెదవులు. తెర మీద మనిషి పెదవులు ఎక్కడ కలిస్తే మన మాటలో కూడా అక్కడ ప, బ, మ ఏదో ఒకటి పడాలి. లేకపోతే చూసేవాడికి తెలియకుండానే ఎక్కడో దురద పెడుతుంది. "మా" అని పిలిస్తే "అమ్మా" అని రాయడం తేలిక. తండ్రి దగ్గర వచ్చింది చిక్కు. బెంగాలీ పిల్ల "బాబా" అంటుంది. పెదవులు రెండుసార్లు కలుస్తాయి. "నాన్నా" అంటే ఒక్కసారి కూడా కలవవు.

నేను రెండు రోజులు ఆలోచించి "బాబూ" అని రాశాను. అద్దంలో ప్రతిబింబంలా సరిపోయింది. మా ఇళ్లల్లో తండ్రిని పిలిచేది అలాగే.

హైదరాబాదులో ఛానెల్ తరఫున ఎపిసోడ్లు చూసి ఒప్పుకునే మేడం ఒకరు ఉండేవారు. మనిషిని ఎప్పుడూ చూడలేదు. ఫోనులో గొంతు, ఆ గొంతులో చల్లదనం మాత్రం తెలుసు.

"కూతురు తండ్రిని పట్టుకుని బాబూ అంటోందేమిటండీ? అలా ఎవరంటారు?"

"మేమంటామండీ."

"మీరెవరండీ?" అన్నారు.

మళ్లీ "నాన్నా" అని మార్చాం. ఆ సీరియల్ అయిపోయేదాకా ఆ పిల్ల నోరు ఒకటి అనేది, మనకు ఇంకొకటి వినిపించేది. ఎవరికో ఎక్కడో దురద పెట్టే ఉంటుంది.

ఆ రోజుల్లోనే ఒక కిటుకు దొరికింది. తెర మీద మనిషి వీపు మన వైపు ఉన్నప్పుడు పెదవులు కనబడవు. అప్పుడు ఏమైనా అనిపించవచ్చు. మీకు సర్దుకోలేని మాట ఏదైనా ఉంటే వీపు కోసం వెతకండి. ప్రతి ఎపిసోడ్‌లోనూ ఒక వీపు ఉంటుంది.

మొదటి రెండు

సీరియళ్ల పేర్లు చెప్పను. తెలుగులో వాటికి పెట్టిన పేర్లు నావే, అవి బాగాలేవు. స్టూడియోలో మేం పిలుచుకున్న పేర్లే చెబుతాను.

మొదటిది మేకు సీరియల్. రిటైరైన ట్రామ్ కండక్టరు ఒకాయన. రోజూ సాయంత్రం పాత తోలు సంచీని తలుపు వెనక మేకుకు తగిలిస్తాడు. ఇరవై ఎపిసోడ్ల దాకా జరిగింది ఏమిటంటే, ఆ మేకు వదులైంది. అంతకంటే ఏమీ జరగలేదు. అయినా ప్రతి సాయంత్రం ఆ సంచీ పడుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టి కూర్చునేవాడిని. చివరికి కోడలు ఒక రోజు ఎవరికీ చెప్పకుండా మేకును బిగించి కొట్టింది. ఆవిడకు ఆ సీన్‌లో ఒక్క మాట లేదు. నేను రాయవలసింది ఏమీ లేని సీన్ అది, నాకు అన్నిటికంటే ఇష్టమైన సీన్ కూడా అదే.

రెండోది కిటికీ సీరియల్. నాలుగిళ్లలో వంట చేసే ఆవిడ కథ. ఆ నాలుగిళ్ల గొడవలూ వంటింటి కిటికీలోంచే చూపించారు. గదిలో వాళ్లు అరుచుకుంటుంటే మనకు సగమే వినబడుతుంది, మిగతా సగం పోపు చప్పుడు. మేడం ఫోను చేసి ఆ సగం కూడా రాయమన్నారు. నేను రాయలేదు. బిమాన్ దాకు తెలుగు రాదు కాబట్టి నన్ను సమర్థించాడు. పెద్దవాళ్లలో నాకు దొరికిన మంచి గుణం అది. ఆయన కళ్లు మూసుకుని మా తెలుగు రికార్డింగ్ వినేవాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎక్కడో చెయ్యెత్తి ఆపి, "ఇక్కడ ఆమె అబద్ధం చెబుతోంది" అనేవాడు. చూసుకుంటే అక్కడ నేను బద్ధకించి రాసి ఉండేవాడిని.

ఆయనలో చెడ్డ గుణం ఏమిటంటే, ఎవరైనా బాగా చేస్తే ఒక్క మాట అనేవాడు కాదు. గొప్పగా చేసినా అంతే.

ఏ సీరియల్ చూడదగ్గది అన్న దానికి మా పార్వతి దగ్గర ఒక కొలత ఉంది. నేను ఎన్ని పుస్తకాలు చదివినా అంతకంటే మంచిది దొరకలేదు. "ఆళ్లు తిన్న కంచాలు ఎవరు తీస్తన్నారో సూపిత్తే అది మంచి సీరియలు" అంటుంది. మీరు కూడా చూడండి. చాలావాటిలో పెద్ద బల్ల మీద పదిమంది కూర్చుని తింటూ ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటారు, తర్వాత సీన్‌లో బల్ల ఖాళీ. ఆ కంచాలు ఏమయ్యాయో ఎవరికీ పట్టదు. పట్టనివాళ్లు రాసిన ఏడుపు కూడా అలాగే ఉంటుంది. నా మూడు సీరియళ్లలోనూ కంచాలు తీసే మనిషి కనబడుతుంది.

నన్ను పిలిచే పేరు

మూడోదాని గురించి చెప్పాలంటే పార్వతి గురించి చెప్పాలి.

ఆమె మా మేనమామ కూతురు. పలాస దగ్గర పల్లె నుంచి పెళ్లి చేసుకుని హౌరా తెచ్చాను. నన్ను బావా అని పిలిచేది. పుట్టినప్పటి నుంచీ అలాగే పిలిచింది కాబట్టి పెళ్లయ్యాక కొత్త పేరు అక్కర్లేకపోయింది.

వచ్చిన మొదటి నెలలోనే ఒక రోజు హౌరా బస్టాండులో జనంలో నేను ముందుకు వెళ్లిపోయాను. వెనక నుంచి "బావా! బావా!" అని కేక వేసింది. పక్కన ఉన్న ఒక బెంగాలీ పెద్దమనిషి నా భుజం తట్టి, "మీ అమ్మాయి పిలుస్తోంది" అన్నాడు. బెంగాలీ చెవికి మన 'వ' వినబడదు, 'బ' అనే వినబడుతుంది. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు, మీసం కూడా నల్లగానే ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఇంటికి వచ్చి, "బెంగాలీవాళ్ల ముందు నన్నలా పిలవకు" అన్నాను.

"మరేటని పిలవాల?"

"ఏమండీ అను."

"సిగ్గు నాకు" అంది. నాలుగు రోజులు అలిగింది. అయిదో రోజు నుంచి మామూలుగానే ఉంది, కానీ గడప దాటితే నన్ను ఏమనీ పిలవడం మానేసింది. పిలవవలసి వస్తే దగ్గేది. మార్కెట్‌లో, ఆసుపత్రిలో, పూజ పందిళ్లలో, వెనక నుంచి చిన్న దగ్గు వినబడితే నేను తిరిగి చూసేవాడిని. ఏర్పాటు బాగానే ఉందనుకున్నాను.

స్టూడియోలో ఏటా సరస్వతీ పూజ జరిగేది. అందరూ కుటుంబాలతో వచ్చేవారు. నేను ఒక్కడినే వెళ్లేవాడిని. బిమాన్ దా, "బౌమా రాలేదేం?" అనేవాడు. తమ్ముడి వరస వాడి భార్యను వాళ్లు అలా అంటారు. ఒంట్లో బాగాలేదని చెప్పేవాడిని. ఆయన కింద దుకాణంలో అడిగి ఒక సీసాడు హోమియోపతి గుళికలు పంపేవాడు. పార్వతికి ఏ జబ్బూ లేదు. తియ్యగా ఉన్నాయని తినేసేది. ఇలా చాలా ఏళ్లు గడిచాయి.

మూడోది

దాన్ని మేం డాక్టర్ సీరియల్ అనేవాళ్లం. అనిర్బాన్ అనే డాక్టరు. వాళ్ల మేనమామ పోతే, మేనమామ కూతురు మిఠూ పసితనం నుంచీ వాళ్లింట్లోనే పెరిగింది. ఇద్దరూ రోజంతా పోట్లాడుకుంటారు. అతను అలసిపోయి వస్తే కంచం పెట్టేదీ, తీసేదీ మిఠూయే. మాటలు తక్కువ, చూపులు సూటిగా ఉండేవి. వినేవాడి ముఖం కూడా చూడబుద్ధయ్యే సీరియల్ నాకు అదొక్కటే దొరికింది. మీలో ఎవరైనా ఒక సీరియల్ మంచిదో కాదో తెలుసుకోవాలంటే మాట్లాడేవాడిని వదిలేసి, వింటున్నవాడిని చూడండి.

బెంగాలీ స్క్రిప్టులో మిఠూ అతనికి "మామాతో బోన్". మేనమామ కూతురు. నేను రాశాను: మరదలు.

తెలుగువాడెవడైనా అదే రాస్తాడు. మేనమామ కూతురిని ఇంకేమంటారు? హారిక, "కజిన్ అని రాస్తే అయిపాయె కద సార్" అంది. నిజమే. ఆ రోజుల్లో ఆ మాట నాకు తట్టి ఉంటే నా ఉద్యోగం సుఖంగా సాగిపోయేది.

మూడో ఎపిసోడ్ అయ్యాక టీ తాగుతుంటే మా సౌండ్ ఇంజనీరు శంకర్ అడిగాడు. "ఆది దా, ఆ 'మొరొదల్' అంటే ఏమిటి? చెల్లెలా?"

మామ కూతురని చెప్పాను. మా వైపు ఆ వరసలో పెళ్లి చేసుకోవచ్చని కూడా నోరుజారి అన్నాను.

శంకర్ టీ కప్పు కింద పెట్టాడు. "ఛీ ఛీ! చెల్లెలితోనా?"

వాళ్లకు మామ కూతురంటే సొంత చెల్లెలే. వాడు మంచివాడు, చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నిజంగా జాలిపడ్డాడు. "మీవాళ్లు అలా చేస్తారా, దాదా?"

"కొందరు. మారుమూల పల్లెల్లో" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా ఒళ్లో పార్వతి కట్టిచ్చిన టిఫిన్ డబ్బా ఉంది.

తప్పు నాకు అప్పుడే తెలిసింది. అక్కడే "చెల్లెలు" అని మార్చేస్తే సరిపోయేది. మార్చాలంటే బిమాన్ దాకు కారణం చెప్పాలి. కారణం చెబితే, మరి నీ భార్య ఎవరని అడుగుతాడు. నేను నోరు మూసుకున్నాను. ప్రతి ఎపిసోడ్‌లోనూ మరదలు, బావ అని రాసుకుంటూ పోయాను.

బొట్టు

అరవై ఎపిసోడ్ల తర్వాత మేడం నుంచి ఫోను.

ఆంధ్రదేశంలో ఆ సీరియల్‌ను జనం బాగా చూస్తున్నారు. చూసి, అనిర్బాన్ మిఠూను చేసుకుంటాడని వాళ్లంతట వాళ్లే నిశ్చయం చేసేసుకున్నారు. ముహూర్తం కోసం ఎదురుచూస్తున్నారు. మేము పంపిన కొత్త ఎపిసోడ్‌లో ఏముందంటే, భాయ్ ఫోంటా. దీపావళి వెళ్లాక వచ్చే విదియ నాడు ఇక్కడ చెల్లెళ్లు అన్నల ఆయుష్షు కోరి నుదుట గంధం బొట్టు పెడతారు. మిఠూ అనిర్బాన్‌కు బొట్టు పెట్టి, కాళ్లకు దండం పెట్టి, అన్నయ్యా అంటుంది.

"మరదలు బావను అన్నయ్యా అనడం ఏమిటండీ? మా ఆఫీసులో అటెండరు కూడా లేచి నిలబడ్డాడు" అన్నారు మేడం. "ఎల్లుండి టెలికాస్ట్. రేపటికి సరిచేసి పంపండి. లేదంటే ఈ సీరియల్ ఇక్కడే చేయించుకుంటాం. మిగతావి కూడా."

మిగతావి కూడా అంటే మా తెలుగు గది మూతపడటమే. నేనూ, నలుగురు గొంతులవాళ్లూ వీధిలో పడతాం.

బిమాన్ దా అడిగాడు. "ఎక్కడ తప్పు?"

"ఒక్క మాటలో."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచి."

"నీకెప్పుడు తెలిసింది?"

"మూడో ఎపిసోడ్‌లో."

ఆయన కళ్లు మూసుకున్నాడు, రికార్డింగ్ వినేటప్పుడు మూసుకున్నట్టే. నేను చొక్కా గుండీ సర్దుకుని ఇంటికి వచ్చేశాను.

మధ్యాహ్నం రెండు దాటింది. పార్వతి కేబుల్‌లో ఆ సీరియలే చూస్తోంది. అన్నం పెట్టింది. తింటూ అంతా చెప్పాను.

"మూడోనాడే తెలిసిపోతే మరెందుకు సెప్పలేదు?" అంది.

శంకర్ అడిగిన మాట, నేను ఇచ్చిన జవాబు కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఉద్యోగం పోతుందన్న భయంలో మనిషి నిజం చెప్పేస్తాడేమో.

"మారుమూల పల్లెల్లో కొందరా?" అంది. అంతే. నా కంచం తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. కడిగిన కంచాన్నే చాలాసేపు కడిగింది. ఇన్నేళ్లుగా నా కంచం ఎవరు తీస్తున్నారో నేను ఆ రోజు చూశాను. నాకు సిగ్గేసింది. ఉద్యోగం సంగతి మరిచిపోయేంత సిగ్గేసింది.

తిరిగి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది.

"నాను పుట్టినప్పుడు మా అమ్మకి పాలు పడలేదు. నీకు తెలుసేటి?"

తెలియదన్నాను.

"మీ అమ్మ అప్పుడు మీ చెల్లిని ఎత్తుకుని పుట్టింటికొచ్చి ఉంది. ఆవిడికి పాలున్నాయి. మేనకోడలికి నానిత్తానంది. మా నాయనమ్మ ఒప్పుకోలేదు. ఒక రొమ్ము పాలు తాగితే అన్నాసెల్లెళ్లయిపోతారు, ఇది రేపు మా ఆదిగాడికి ఇవ్వాల్సిన పిల్ల, వరస పాడైపోద్దని అడ్డం కూకుంది. నాకు మేకపాలు పట్టేరు. ఊర్లో అందరూ మేకపిల్లా మేకపిల్లా అని ఏడిపించీవోరు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "నీకోసం మేకపాలు తాగేను నాను. నువ్వెల్లి మారుమూల పల్లెల్లో ఎవులో అని సెప్పొచ్చీసేవు."

నేను ఎండిపోయిన ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చాను.

"ఆ డాకటరు తల్లి మిఠూకి పాలిచ్చి పెంచిందని ఎవుల్చేతన్నా అనిపించీ" అంది. "వరస అక్కడితో తెగిపోద్ది. మనోళ్లకి అర్థమైపోద్ది." అని టీవీ కట్టేసి అటు తిరిగి పడుకుంది.

బెంగాలీవాళ్ల ఓభిమాన్ అంటే ఏమిటో నాకు ఆ మధ్యాహ్నం పూర్తిగా బోధపడింది.

వీపు

మర్నాడు ఉదయం ఆ ఎపిసోడ్‌లో వీపు కోసం వెతికాను. దొరికింది. బొట్టు పెట్టడానికి కాస్త ముందు నాయనమ్మ మన వైపు వీపు పెట్టి గంధం అరగదీస్తూ, నీళ్లు తెమ్మని ఎవరికో చెబుతుంది. అయిదు సెకన్లు.

నాయనమ్మ గొంతు నూకరత్నానిది. కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే ఉద్యోగం. పొద్దున్నే డ్యూటీ ముగించి, స్నానం చేసి, పదింటికి స్టూడియోకి వచ్చేది. తెలుగు చదవడం అంతగా రాదు, నేను చదివితే పలికేది. తెలుగు టీవీలో గొప్పింటి నాయనమ్మలు ఎంతమంది కోడళ్లను సాధించారో, వాళ్లలో చాలామంది గొంతు ఆమెదే.

చదివి వినిపించాను. "ఒక తల్లి పాలు తాగిన పిల్లలు. వీళ్లకు బావామరదళ్ల వరసేమిటి?"

బిమాన్ దా చెయ్యెత్తాడు. "నీళ్లు తెమ్మనడానికి ఇంత పెద్ద మాటా? అర్థం చెప్పు."

శంకర్ అద్దం అవతల మీటల దగ్గర ఉన్నాడు. మైకు తెరిచే ఉంది. చెప్పాను. పాల సంగతి చెప్పాను, అది ఎందుకు అవసరమైందో చెప్పాను, మరదలు అంటే ఏమిటో చెప్పాను. ఆ తర్వాత, ఎవరూ అడగకపోయినా, "నా భార్య నాకు మామాతో బోన్" అన్నాను.

శంకర్ మీటల వైపు చూస్తూ ఉండిపోయాడు. నూకరత్నం ఒక్కతే ఆశ్చర్యపోయింది, ఇందులో చెప్పడానికేముందని.

బిమాన్ దా అడిగాడు. "బౌమాకు ఏం జబ్బు?"

"ఏమీ లేదు."

"ఇప్పుడు లేదా?"

"ఎప్పుడూ లేదు."

"మరి ఆ గుళికలు?"

"తినేసింది."

ఆయన తల పంకించాడు. "టేక్" అన్నాడు.

నూకరత్నం పలికింది. రాసింది "వరసేమిటి", ఆమె నోట వచ్చింది "వరసేటి". అయిదు సెకన్లకు అదే సరిపోయింది. బిమాన్ దా కళ్లు మూసుకుని విన్నాడు. చెయ్యెత్తలేదు.

సాయంత్రం మేడం ఫోను చేశారు. "పాల మాట బాగుందండీ. ఎక్కడ దొరికింది?"

"ఇంట్లో."

"ఆ 'ఏటి' అన్నది మాత్రం..." అని ఆగి, "సరే, ఉండనివ్వండి" అన్నారు.

తెలుగు గది నిలిచింది. జనం ఒక వారం బాధపడి, అనిర్బాన్‌కు వేరే పిల్లను చూడటంలో పడ్డారు. పార్వతి మాత్రం నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఇంట్లో కూడా దగ్గడం మొదలుపెట్టింది. అది నేను భరించలేకపోయాను.

మెట్ల మీద

ఆ మాఘంలో సరస్వతీ పూజకు రమ్మని అడిగాను. నా ముఖం చూడకుండానే పసుపు చీర తీసి కట్టుకుంది.

స్టూడియో మెట్ల మీద జనం. నేను పైకి ఎక్కేశాను, ఆమె కింద ఆగిపోయింది. వెనక నుంచి దగ్గు వినబడింది. నేను తిరగలేదు. మళ్లీ దగ్గింది, కాస్త గట్టిగా. తిరగలేదు. మెట్ల మీద ఉన్నవాళ్లు, పాపం జబ్బు మనిషని దారి ఇచ్చారు. అయినా నేను తిరగలేదు.

"బావా!" అంది.

అందరూ తిరిగి చూశారు. నేను కిందికి దిగి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను. శంకర్ నోరు తెరిచాడు, మూశాడు, చివరికి, "రండి బౌది" అని వదినను పిలిచినట్టు పిలిచి కుర్చీ వేశాడు. వాడు నాకు అంతకంటే పెద్ద క్షమాపణ ఎప్పుడూ చెప్పలేదు, అవసరం కూడా రాలేదు. బిమాన్ దా ఆ రోజు ప్రసాదంతో పాటు ఒక సీసా గుళికలు కూడా ఇచ్చాడు. "తియ్యగా ఉంటాయట కదా" అన్నాడు.

అప్పటి నుంచి స్టూడియోలో అందరికీ నేను "బాబా" అయ్యాను. బౌది పిలిచే పేరు కదా అనేవాళ్లు. నా కంటే పదేళ్లు పెద్దవాడైన బిమాన్ దా కూడా అలాగే పిలిచాడు. విడమరిచి చెప్పడం మొదట్లోనే మానుకున్నాను.

హారికా, నీ కంప్యూటరు కజిన్ అని రాస్తే దిద్దక్కర్లేదు, తప్పేమీ కాదు. కాకపోతే ఒక్కసారి ఆగి, ఇంట్లో ఎవరైనా ఉంటే అడుగు. కంచాలు తీసే మనిషి ఉన్న సీరియల్ దొరికితే నాకు ఫోను చెయ్యి, ఇద్దరం చూస్తాం.

నేను రిటైరైన రోజు స్టూడియోవాళ్లు కేకు తెప్పించారు. దాని మీద బెంగాలీ అక్షరాల్లో పేరు రాయించారు. పార్వతికి బెంగాలీ చదవడం రాదు.

"ఏటి రాసేరు?" అంది.

"బావా అని."

పక్కనే ఉన్న శంకర్‌కు అన్నాళ్ల సావాసంలో ఆపాటి తెలుగు వచ్చేసింది. "లేదు బౌది, బాబా అని" అన్నాడు.

"రెండూ ఒకటే. బెంగాలీలో 'బ'కీ 'వ'కీ ఒకటే అక్షరం. ఎలా కావలిస్తే అలా చదువుకోవచ్చు" అన్నాను.

ఆమె కేకు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"మరయితే నన్ను అన్నేళ్లూ ఉత్తినే దగ్గించేవన్నమాట" అంది.